కొయ్య వస్తువులకు పట్టిన పిల్లి వాసన - నివారణోపాయములు

సంక్రాంతి పండుగకు నాలుగు దినములు ముందుగా అటక మీది పెట్టెను దింపి బొమ్మల కొలువునకు సన్నాహము చేయుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఏడాది పొడుగునా మూసియుంచిన ఆ పెట్టె మూత తీయగానే కొన్ని యిండ్లలో ముక్కుపుటములు అదరునట్టి ఘాటైన దుర్గంధము పైకి వచ్చును. ఎలుకలను పట్టుటకై అటక మీద తిరుగు పిల్లి ఏనాడో ఆ పెట్టెపై మూత్రము విడిచియుండును. అది మూత సందుల గుండ లోనికి దిగి, అడుగున పరచిన గుడ్డలను తడిపి, దశావతారముల బొమ్మలకును, ఏనుగు అంబారీకిని పట్టియుండును.

అట్టి సమయమున సాధారణముగా జరుగునది రెండింటిలో ఒకటి. విసుగు చెంది బొమ్మలను పెంటపై పారవేయుట మొదటిది. సబ్బునీళ్ల తొట్టిలో ముంచి కడిగి, మిట్టమధ్యాహ్నపు టెండలో ఆరబెట్టుట రెండవది. మొదటి పనివలన పుట్టింటివారు ముచ్చటపడి యిచ్చిన బొమ్మలు ఒక్కసారిగా పోవును. రెండవ పనివలన రంగులు కరగి, అతుకులు విడి, బొమ్మలు పాడగును; వాసన మాత్రము మిగిలియే యుండును. వీణకు, తాతలనాటి టేకు పెట్టెకు, కుంకుమ భరిణెకు గూడ ఇదే గతి పట్టుచున్నది. కొంచెము శాస్త్రజ్ఞానము, కొంచెము ఓర్పు ఉన్నచో ఇట్టి వస్తువులలో పెక్కింటిని కాపాడుకొనవచ్చును. ఆ విధానమును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వాసన ఎట్లు పుట్టును?

రైతులకు యూరియా ఎరువు కొత్తది కాదు. పొలమునకు చల్లు యూరియాయు, జంతువుల మూత్రములోని యూరియాయు ఒకే పదార్థము. తడినేలపై చల్లిన యూరియాను మట్టిలో కలియబెట్టక వదలినచో, నేలలోని సూక్ష్మజీవులు తయారుచేయు యూరియేజ్ అను ఎంజైము దానిని విడగొట్టును. అప్పుడు పుట్టిన అమోనియా వాయువై గాలిలో కలసిపోవును. తెల్లవారుజామున పశువుల కొట్టములో అడుగిడగానే కనులు మండించు ఘాటు ఇదియే. కొయ్యపై పడిన మూత్రములోను ఇదే క్రియ జరుగును. కనుకనే తాజా మూత్రముకంటె నిలువ ఉన్న మూత్రమునకు ఘాటు హెచ్చు.

పిల్లి మూత్రములో మరియొక విశేషము కలదు. గంధకముతో కూడిన ఫెలినీన్ అను అమైనో ఆమ్లము అందులో నుండును. పిల్లి మూత్రములోనే సమృద్ధిగా ఉండు కాక్సిన్ అను ప్రోటీను ఈ ఫెలినీన్ ఉత్పత్తికి తోడ్పడునని 2006లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఫెలినీన్ దినములు గడచినకొలది విచ్ఛిన్నమై, గంధకము గల ఆవిరులను వెలువరించును. పిల్లి మూత్రమునకు గల ప్రత్యేకమైన దుర్గంధమునకు కారణము ఇదియే. బీజములు తీయని మగపిల్లులలో ఫెలినీన్ అధికము. అందుచేత గండుపిల్లి గుర్తుకై చిమ్మిన మూత్రము మిక్కిలి కంపు కొట్టును. కుక్క మూత్రమున ఈ పదార్థము లేనందున దాని వాసనను వదలించుట కొంత సులభము.

మూడవది యూరిక్ ఆమ్లపు లవణములు. ఇవి కొద్దిగానే ఉన్నను, నీటిలో తేలికగా కరగవు. నీటితో తుడిచినప్పుడు తక్కినవి కొంత పోయినను ఇవి కొయ్య రంధ్రములలో నిలిచిపోవును.

కొయ్య ఏల విడువదు?

చెట్టు నిలిచియున్నప్పుడు వేళ్లనుండి నీటిని పైకి తీసికొనిపోయిన సన్నని గొట్టములే, కోసి ఎండబెట్టిన పిమ్మట కొయ్యలో రంధ్రములుగా మిగులును. కొయ్యను నిలువునా చీల్చిన ముఖమున ఈ గొట్టములు పక్కవాటుగా ఉండును గనుక ద్రవము మెల్లగా ఇంకును. అడ్డముగా కోసిన చోట వాటి నోళ్లు తెరచియుండును. అక్కడ పడిన ద్రవమును కొయ్య ఒత్తివలె పీల్చుకొనును. పెట్టెపలకల కొసలు, బొమ్మల పాదములు, పీటల కాళ్ల అడుగు భాగములు ఇట్టి స్థలములే. వాసన తరచుగా అక్కడనే దాగియుండును.

కొయ్యకు మరియొక గుణము కలదు. గాలిలోని తేమను వానకాలమున పీల్చుకొని వేసవిలో విడుచును. అందుచేత వేసవిలో వాసన పోయినదని సంతసించిన యింట, తొలకరి వాన పడగానే అది మరల బయలుదేరును. తేమ తగులుటచే లోపలి లవణములు చెమర్చి, సూక్ష్మజీవులు మరల పనికి పూనుకొనుటయే దీనికి కారణము.

వస్తువు నెరిగి వైద్యము

రోగి నెరుగక మందీయరాదు. అట్లే వస్తువు ఎట్లు తయారైనదో ఎరుగక దానిని శుభ్రపరచరాదు. మన యిండ్లలో సాధారణముగా కనబడు నాలుగు విధముల వస్తువులను ఇచట చెప్పుకొందము.

ఎన్.టి.ఆర్. జిల్లాలోని కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి అను మిక్కిలి తేలికైన కొయ్యతో తయారగును. తల, చేతులు, మొండెము విడివిడిగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో అతికించి, పైన సున్నపు పూత పూసి, రంగులు వేయుదురు. కావున నీరు తగిలినచో అతుకు మెత్తబడును. వెనిగర్ వంటి పులుపు తగిలినచో రంగు క్రింది సున్నపు పూత కరగిపోవును. తెలంగాణములోని నిర్మల్ బొమ్మలు గూడ పొణికి కొయ్యతో చేసినవే గనుక వానియెడలను ఇట్టి జాగ్రత్తయే అవసరము.

అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున నున్న ఏటికొప్పాక బొమ్మలు, భరిణెలు అంకుడు కర్రతో చేసినవి. తరిమెనపై తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపట్టగా, రాపిడి వేడికి లక్క కరగి పూతవలె పట్టును. ఈ పూత మూత్రమును లోనికి పోనీయదు. కాని లక్క స్పిరిట్‌లో కరగును, చాకలిసోడా వంటి క్షారములకు చెడును, వేడికి మెత్తబడును. వాసన పట్టునది సాధారణముగా లక్క లేని అడుగు భాగమునను, భరిణె లోపలి భాగమునను మాత్రమే.

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి వీణను పనసకొయ్యతో తయారుచేయుదురు. దండిపై నుండు 24 మెట్లను మైనముతో నిలుపుదురు. వేడికి మైనము కరగి మెట్లు కదలినచో స్వరస్థానములే తప్పును. తంతులలోను మెట్లలోను ఉండు ఇత్తడిని అమోనియా ఆవిరి తినివేయును. అందుచేత వీణ విషయమున ఆలస్యము చేయరాదు. తొందరపడి నీరును పోయరాదు.

నాలుగవది భోషాణములు, టేకు పెట్టెలు. వీనికి వెలుపల వార్నీషు ఉన్నను లోపల పచ్చి కొయ్యయే ఉండును. పెక్కుచోట్ల వాసనకు మూలస్థానము పెట్టెయే. బొమ్మలకు పట్టినది దాని ఆవిరి మాత్రమే. పెట్టెను వదలి బొమ్మలను మాత్రమే శుభ్రపరచినచో శ్రమ వృథా యగును.

చేయరాని పనులు

సున్నము పూయరాదు. అమోనియం సల్ఫేటు ఎరువును సున్నముతో కలిపినచో అమోనియా ఎగిరిపోవునని రైతు లెరుగుదురు. మూత్రము పట్టిన కొయ్యపై సున్నము పూసినను అదే జరుగును. ఘాటు హెచ్చును, కొయ్య రంగు చెడును.

బ్లీచింగు పొడి వాడరాదు. అందలి క్లోరిన్ పదార్థము అమోనియాతో కలసినప్పుడు క్లోరమీన్ అను విషవాయువు పుట్టును. మూసిన గదిలో దానిని పీల్చినచో ఊపిరితిత్తులకు హాని కలుగును.

ఫినాయిలు, కర్పూరము, కలరా ఉండలు వాసనను కప్పిపుచ్చునే గాని తొలగింపవు. పైగా ఫినాయిలులోని ఫినాల్ జాతి పదార్థములను పిల్లి కాలేయము హరించుకొనలేదు. కాళ్లకు అంటినదానిని నాకినను పిల్లికి విషమగును. అగరువత్తుల పొగయు ఇట్టిదే. ఒక వాసనపై మరియొక వాసన పేర్చుటయే అగును.

ఎండలో పెట్టరాదు. పై పొర త్వరగా ఎండి ముడుచుకొనును. లోపలి కొయ్య తేమతోనే యుండును. ఈ లాగుడుకు కొయ్య నెఱ్ఱెలు వాయును.

వంటసోడాను వెనిగర్‌ను కలిపి వాడుట కొందరి అలవాటు. క్షారమును ఆమ్లమును కలసి పొంగి, ఒకదాని బలము నొకటి చంపుకొనును. పొంగు చూచుటకే గాని వాసన తీయుటకు పనికిరాదు.

చేయవలసిన విధానము

మొదట చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలెను. కుక్కల, ఎలుకల మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సంక్రమించును గనుక, అటక మీది మరక ఏ జంతువుదో తెలియనప్పుడు ఈ జాగ్రత్త అత్యవసరము. ముక్కుకు గుడ్డ కట్టుకొని, కిటికీలు తెరచిన చోట పని ప్రారంభింపవలెను.

మరక తాజాదైనచో రుద్దరాదు. పొడి నూలుగుడ్డను అదిమిపట్టి తడిని పీల్చవలెను. గుడ్డ మార్చుచు తడి రానంతవరకు ఇట్లు చేయవలెను. మొదటి గడియలో చేసిన ఈ చిన్న పని తరువాతి నెలరోజుల పనిని తప్పించును.

మరక పాతదైనచో దాని చోటును కనుగొనవలెను. దుకాణములలో నోట్లను పరీక్షించుటకు వాడు అతినీలలోహిత కాంతి టార్చిని చీకటిగదిలో వేసి చూచినచో మూత్రము పడినచోటు పసుపుపచ్చగా మెరయును. లక్కపూతలు గూడ ఈ కాంతిలో నారింజ వన్నెతో మెరయును గనుక పొరబడరాదు. మెరపు కనబడినచోట ముక్కుతో నిర్ధారణ చేసికొనవలెను.

తరువాత పెట్టెలోని గుడ్డలను, కాగితములను, గడ్డిని తీసివేయవలెను. గుడ్డలు విలువైనవి కానిచో పారవేయుటయే మేలు. బొమ్మలపైని దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, గాలి ఆడు నీడలో రెండు మూడు దినములు ఉంచవలెను. ఆవిరి మాత్రమే పట్టిన వస్తువులకు ఈ గాలియే చాలవరకు చాలును.

ఇంకను వాసన మిగిలినచో పొడి చికిత్స చేయవలెను. మూత గట్టిగా పడు డబ్బాలోనో, పెద్ద ప్లాస్టిక్ సంచిలోనో వస్తువును ఉంచి, దాని ప్రక్కన ఒక గిన్నెలో వంటసోడాను, పలుచని గుడ్డమూటలో బొగ్గును ఉంచవలెను. నీటిశుద్ధి యంత్రములలో వాడు యాక్టివేటెడ్ కార్బన్ దొరికినచో అది శ్రేష్ఠము. దాని లోపలి రంధ్రములు లెక్కకు మిక్కిలి గనుక ఆవిరులను అధికముగా పట్టుకొనును. పొయ్యి బొగ్గు అంత బలము గలది కాకున్నను కొంత మేలు చేయును. సోడా గాని బొగ్గు గాని వస్తువునకు తగులరాదు. సోడా లక్కను చెరచును, బొగ్గు రంగును మాపును. వారమున కొకసారి రెండింటిని మార్చుచు మూడు నాలుగు వారములు ఓపిక పట్టవలెను. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకును, వీణకును ఇంతకు మించిన క్షేమకరమైన చికిత్స లేదు. వీణతోపాటు వెనిగర్ గిన్నెను మాత్రము మూసిన సంచిలో పెట్టరాదు. దాని ఆవిరి తంతులకు చిలుము పట్టించును.

ఏటికొప్పాక వస్తువులను చల్లని నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. భరిణె లోపలి భాగమునకు పైన చెప్పిన పొడి చికిత్స తగినది.

పెట్టెలకు, పీటలకు, రంగు వేయని పచ్చికొయ్యకు కొంత తడి చికిత్స చేయవచ్చును. ఒక పాలు తెల్ల వెనిగర్‌కు నాలుగు పాళ్లు నీరు కలిపి, గుడ్డను ముంచి గట్టిగా పిండి, మరక పడినచోట కొయ్య చార వెంబడి తుడువవలెను. ఆమ్లము అమోనియా ఘాటును అణచును. పిమ్మట మంచినీటి గుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఒత్తి, నీడలో గాలికి ఆరనీయవలెను. పూర్తిగా ఆరుటకు రెండు మూడు దినములు పట్టును.

ఇంతటితో పోని వాసనకు ఎంజైముల ద్రావణము కలదు. పెంపుడు జంతువుల సామగ్రి విక్రయించు అంగళ్లలో ఇది దొరకును. మూత్రములోని పదార్థములను ఎంజైములు విడగొట్టి తేలికగా తొలగునట్లు చేయును. కాని పని పూర్తియగువరకు అవి తడిగానే ఉండవలెను. నాజూకు కొయ్యకు తడి శత్రువు. ఈ చిక్కువలననే దీనిని గట్టి కొయ్య పెట్టెలకే గాని రంగుల బొమ్మలకు, వీణకు వాడరాదు. ముందుగా కనబడని మూలలో ఒక చుక్క వేసి, ఒక రోజు ఆగి, రంగు మారలేదని చూచిన తరువాత వాడవలెను. వేడినీటితో గాని, వెనిగర్ తడి ఆరకముందు గాని వాడినచో ఎంజైములు పని చేయవు.

చివరి ఉపాయము లక్క వార్నీషు. పెట్టె లోపలి కొయ్య పూర్తిగా ఎండిన పిమ్మట స్పిరిట్‌లో కరగించిన లక్కను పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. ఒక పూత ఆరిన తరువాతనే మరియొకటి. రంధ్రములలో మిగిలిన వాసన బయటికి రాకుండ, వానకాలపు తేమ లోనికి పోకుండ ఈ పొర అడ్డుపడును. శుభ్రపరచక ముందే పూత వేయుట పుండును కడుగక కట్టు కట్టుటవంటిది. స్పిరిట్ త్వరగా అంటుకొనును గనుక పొయ్యి, దీపము, చుట్ట దరిదాపుల నుండరాదు.

కొయ్య నల్లబడి, మెత్తబడి, అతుకు విడిన వస్తువును మాత్రము ఇంటిలో ముట్టుకొనక, దానిని తయారుచేయు పనివారికి చూపుట మేలు. బొమ్మకు చేయి అతికించుట, వీణకు మెట్లు కట్టుట వారికి వంశపారంపర్యమైన విద్య. ఆ పని వారికి జీవనాధారము గూడ.

వాసన పోయినదా లేదా అను పరీక్ష

దినములతరబడి ఒక వాసన నడుమ మెలగువారి ముక్కు దానిని గుర్తింపజాలదు. కనుక ఇంటివారి తీర్పు చాలదు. వస్తువును మూతగల డబ్బాలో ఒక రాత్రి ఉంచి, మరునాడు పొరుగింటివారిచే మూత తీయించి చూడవలెను. ముసురు పట్టిన దినమున ఈ పరీక్ష చేసినచో ఫలితము నిశ్చయముగా తెలియును. ఈ జాగ్రత్తకు మరియొక కారణము గూడ కలదు. మన ముక్కుకు అందని వాసన పిల్లికి అందును. మిగిలిన వాసనను పట్టి అది మరల అదే చోటికి వచ్చును.

మరల జరుగకుండుటకు

ధాన్యపు గాదెలున్న యింట పిల్లి చేయు మేలు అందరెరిగినదే. ఒక పెట్టె పాడైనదని దానిని సంచిలో కట్టి ఊరి పొలిమేర దాటించుట న్యాయము కాదు. దానికొక చోటు చూపుట సులభము. వెడల్పైన తట్టలో పొడి ఇసుకను నాలుగంగుళముల మందమున పోసి, సందడి లేని మూలన ఉంచి, ప్రతిదినము శుభ్రపరచుచున్నచో పిల్లి తనంతట తానే దానిని అలవాటు చేసికొనును. మగపిల్లికి బీజములు తీయించినచో గుర్తుకై చిమ్ము అలవాటు చాలవరకు తగ్గును. మూత్రపు ఘాటును తగ్గును. విలువైన వస్తువులను మూత బిగువైన పెట్టెలలో, నేలకు ఎత్తుగా, పిల్లి ఎక్కజాలని చోట ఉంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. శుచిగా మెలగుచున్న పిల్లి అకస్మాత్తుగా ఇంటిలో ఎక్కడబడిన అక్కడ మూత్రము విడుచుచున్నచో అది కొంటెతనము కాకపోవచ్చును. మూత్రకోశపు వ్యాధి కావచ్చును. ముఖ్యముగా మగపిల్లి మాటిమాటికి కూర్చుండి ముక్కుచు, అరచుచు, మూత్రము చుక్కలుగా మాత్రమే విడుచుచున్నను, బొత్తిగా విడువలేకున్నను మూత్రమార్గము మూసికొనిపోయినదని అనుమానింపవలెను. ఈ స్థితిలో ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవును. దానిని కొట్టక, తరుమక, వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. కొయ్యపై పడిన మరక ఒక్కొక్కప్పుడు నోరులేని జీవి మొరపెట్టుకొన్న విన్నపము. దానిని సకాలమున గ్రహించినచో ఒక ప్రాణము నిలుచును.

వచ్చు సంక్రాంతి నాటికి పెట్టె తెరచు గృహిణులు ఇప్పుడే, పండుగకు ముందు నెలలలోనే, ఒకసారి మూత తీసి చూచుట మంచిది. పొడి చికిత్సకు నెల దినములు పట్టును గనుక పండుగ ముందటి రోజున తొందరపడి నీళ్లు పోయు అవసరము రాదు. అమ్మమ్మ చేతులమీదుగా వచ్చిన దశావతారములు కొలువులో తమ మెట్టుపై తాము నిలిచి, ఇంటి పిల్లలకు మరల కథలు చెప్పును. పిల్లియు తన మూలన తాను నిశ్చింతగా నిద్రించును.